చేవెళ్లలో ఇల్లు బాగవుతోంది, కూకట్‌పల్లిలో నారు పెరుగుతోంది: ఎప్పుడు నాటాలి?

పెంకుటింటి కోడలు | ఫిబ్రవరి 23, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చేవెళ్ల దాటాక లోపలికి ఒక ఊళ్లో మా మామగారి కాలం నాటి పెంకుటిల్లు ఉంది. మధ్యలో భవంతి (నడిమి వాకిలి), చుట్టూ నాలుగు గదులు, వెనక ముప్పై గుంటల చేను. రెండేళ్ల కింద అత్తమ్మ మా దగ్గరికి వచ్చేశాక ఇల్లు మూతపడింది. ఈ సంక్రాంతికి వెళ్లి చూస్తే గూన పెంకులు జారిపోయి ఉన్నాయి, ఒక దూలాన్ని చెద తినేసింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో అత్తమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే ఇల్లు బాగు చేయించాలని అనుకున్నాం. వైశాఖంలో అక్కడ పాలు పొంగించాలని ఆమె కోరిక. అప్పటికి పెరట్లో కూరగాయలు కూడా ఉండాలని నా ఆశ.

అందుకే ఫిబ్రవరి 8న 98 గళ్ల ప్రోట్రేలు (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలు) మూడు కొని, కొబ్బరి పొట్టు నింపి టమాటా, వంకాయ, మిర్చి వేశాను. మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్, ట్రేలు హాల్లో కిటికీ పక్కన పెట్టాను. టమాటా ఆరో రోజుకే మొలిచింది, వంకాయ తొమ్మిదో రోజుకు. మిర్చి ఇప్పుడిప్పుడే తల ఎత్తుతోంది. కానీ టమాటా మొలకలు దారంలా సన్నగా సాగి కిటికీ వైపు వాలిపోతున్నాయి. చూస్తే బాధగా ఉంది.

ఇంకో సంగతి. మేస్త్రీ ఇంకా ఆరు వారాల పని అంటున్నాడు. తూర్పు గది ఒకటి పూర్తయింది. ట్రేలు ఇప్పుడే అక్కడికి మార్చేస్తే, గోడలకు నీళ్లు కొట్టే మనిషి వీటికీ నాలుగు చుక్కలు పోస్తాడు. అలా చేయవచ్చా? పొలంలో ఎప్పుడు నాటాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

మేడమీద మడి | ఫిబ్రవరి 23, రాత్రి 10:25

మొలకలు అలా సాగాయంటే వెలుతురు చాలడం లేదనే. మన కంటికి కిటికీ దగ్గర చాలా వెలుగు ఉన్నట్టే ఉంటుంది, మొక్కకు అది చాలదు. రేపు పొద్దున్నే తూర్పు బాల్కనీలోకి మార్చండి. మొదటి రోజు గంటసేపే ఎండ చూపించండి, రోజుకో గంట పెంచండి. ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. బాల్కనీకి ఎండ రాకపోతే మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైటు చాలు. మొక్క తలకు ఆరు అంగుళాల ఎత్తులో కట్టి రోజుకు 14 గంటలు వెలిగించండి. ఊదా రంగు లైట్లు కొననక్కర్లేదు.

సాగిన టమాటా పనికిరాదని పారేయకండి. రెండు నిజమైన ఆకులు (మొలకతో వచ్చే జంట ఆకులు కాదు, వాటి తర్వాతివి) వచ్చాక ఒక్కోదాన్ని పేపరు కప్పులోకి మార్చి, కాడను ఆకుల కింది దాకా మట్టిలో పాతండి. టమాటా కాడకు కూడా వేళ్లు పుడతాయి. వంకాయకు, మిర్చికి మాత్రం ఈ పని చేయవద్దు, వాటి కాడ అంత తొందరగా వేళ్లు వేయదు, కుళ్లిపోయే అవకాశం ఎక్కువ.

ఇంకోటి, రోజూ రెండుసార్లు అరచేత్తో మొలకల తలలను మెల్లగా నిమరండి. గాలికి ఊగినట్టు అనిపించి కాడ గట్టిపడుతుంది. నేను మల్కాజిగిరిలో మేడ మీద ఎనిమిదేళ్లుగా ఇలాగే చేస్తున్నాను.

గుంటల రైతు | ఫిబ్రవరి 24, ఉదయం 5:50

చెల్లెమ్మా, నారు సంగతి మేడమీద మడి గారు బాగా చెప్పారు. నేను కాలం సంగతి చెబుతాను. మాది శంకర్‌పల్లి దగ్గర, ఎకరం పది గుంటలు, అంతా కూరగాయలే.

చల్లటి దేశాల వాళ్ల వీడియోలు చూసి మనవాళ్లు వసంతంలో ఇంట్లో నారు పోసుకుంటున్నారు. వాళ్లకు బయట మంచు, అది పోయాక ముందంతా చల్లటి వేసవి. మనకు ఫిబ్రవరి దాటితే ముందున్నది ఏప్రిల్, మే ఎండలు. మీ టమాటా మార్చి రెండో వారంలో పొలంలోకి వెళ్తే ఏప్రిల్‌లో పూతకు వస్తుంది. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 దాటితే టమాటాకు పిందె సరిగా నిలవదు, పూత రాలిపోతుంది. నిలిచిన కాయకు ఎండ దెబ్బ తగిలి ఒక పక్క తెల్లగా మాడుతుంది. పైగా ఎండాకాలంలో తెల్లదోమ ఎక్కువ, దాంతో ఆకుముడత వైరస్ వస్తుంది. ఒకసారి వచ్చిన మొక్కకు మందు లేదు, పీకి పారేయాల్సిందే.

ఈ కాలం తీగజాతులది. బీర, సొర, కాకర, దోస. గింజలు ఒక రాత్రి నానబెట్టి పేపరు కప్పుల్లో వేయండి, ట్రేల్లో వద్దు. వాటి వేరు కదిలితే అలిగి కూర్చుంటాయి. 12 నుంచి 15 రోజుల్లో, రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడే కప్పు చింపి మట్టితో సహా నాటేయాలి. బెండ, గోంగూర, తోటకూరలకు నారే అక్కర్లేదు, గింజలు నేరుగా పొలంలోనే.

పాలు పొంగించే రోజుకు అత్తమ్మకు టమాటా చూపించలేకపోవచ్చు. పందిరి నిండా బీర పూత మాత్రం తప్పక చూపించవచ్చు.

సిమెంటు ఇసుక | ఫిబ్రవరి 24, మధ్యాహ్నం 1:15

నేను సివిల్ ఇంజనీరుని, పాత ఇళ్లు బాగు చేయించే పనిలో 20 ఏళ్లుగా ఉన్నాను. ట్రేలను ఆ గదిలో పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక గది పూర్తయినా పక్క గదుల్లో గోకుడు, కోత నడుస్తూనే ఉంటాయి. తడి సిమెంటు ఘాటైన క్షారం, దాని పీహెచ్ 12 దాటుతుంది (7 దాటితేనే క్షారం). ఆ దుమ్ము లేత ఆకు మీద పడి దాని మీద నీళ్లు చల్లితే ఆకు కాలుతుంది. క్యూరింగ్ చేసే మనిషి పైపుతో కొడతాడు గానీ చెంబుతో పోయడు, అతని పని అది కాదు.

దీనికన్నా ముఖ్యమైంది పాత రంగు. తలుపులకు, కిటికీ ఊచలకు ఎన్నో పొరల పాత ఆయిల్ పెయింట్ ఉండి ఉంటుంది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంత సీసం ఉందో కంటితో చూసి చెప్పలేం. దాన్ని పొడిగా గీకితే ఆ పొడి పెరటి మట్టిలో కలుస్తుంది. ఆకుకూరలు, దుంపల ద్వారా అది మళ్లీ మన కంచంలోకే వస్తుంది, పిల్లలున్న ఇంట్లో అది చాలా ప్రమాదం. తలుపులు విప్పించి, కింద టార్పాలిన్ పరిచి, తడిపి గీకమనండి. రాలిన పొట్టు మూట కట్టి బయటికి పంపాలి, గుంతలో పూడ్చకూడదు.

దూలం చెద తిన్నదన్నారు కాబట్టి పునాది వెంట చెదల మందు పోయిస్తారు. అది ఏళ్ల తరబడి మట్టిలో ఉండాలనే తయారుచేసిన మందు. గోడ పక్కన చక్కగా తడి ఉంటుంది కదా అని అక్కడ పాలకూర మడి చేసినవాళ్లను చూశాను. నేనైతే గోడ నుంచి పది అడుగులు వదిలేస్తాను, అక్కడ పూలమొక్కలు పెట్టుకోవచ్చు.

మీరు అడగలేదు గానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవైతే వాటి మీద సిమెంటు పూత వేయనివ్వకండి. సున్నం గోడలోని చెమ్మ బయటికి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. మూడు వానాకాలాలకు పూత పెళ్లలుగా ఊడి వస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే, కానీ వెతకండి.

పెంకుటింటి కోడలు | మార్చి 2, సాయంత్రం 6:30

ఎవరి ఇంటి పనో అనుకోకుండా ఇంత ఓపికగా రాశారు. అందరికీ చేతులెత్తి దండం.

నిన్న చేవెళ్ల వెళ్లాం. తలుపులన్నీ విప్పించి తడిపి గీకిస్తున్నాం. లోపలి గోడలు సున్నమే. మేస్త్రీ మామ తండ్రికి ఆ పని తెలుసట, ఆయన వచ్చి చూస్తానన్నాడు. కానీ ఒక నష్టం జరిగిపోయింది. కూరగాయలకని నేను గుర్తుపెట్టుకున్న చోటే, బావి పక్క మడుల్లో, పగలగొట్టిన గచ్చు, పాత పూత, సిమెంటు కలిపిన నీళ్లు అన్నీ పోశారు. నేను ముందే గీత గీసి చూపించాల్సింది. అత్తమ్మ ముప్పై ఏళ్లు ఎరువు పోసి పెంచుకున్న మట్టి అది.

మిర్చి ట్రేలో సగం మొలకలు మట్టి దగ్గర నడుము విరిగినట్టు పడిపోయాయి. కాడ కింది భాగం నీరుకట్టి గోధుమ రంగులో ఉంది. రోజుకు మూడుసార్లు స్ప్రే చేస్తున్నాను, నీళ్లు తక్కువై కాదు.

మొలక | మార్చి 2, రాత్రి 8:05

అక్కా, అది నారుకుళ్లు తెగులు. నేను సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను, మాకు నర్సరీ పాఠాల్లో మొదట చెప్పేది దీని గురించే. మట్టిలో ఉండే పిథియం లాంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. నీళ్లు తక్కువై కాదన్నారు కదా, ఎక్కువయ్యే వచ్చింది. రోజుకు మూడుసార్లు పైన చల్లితే మట్టి పైపొర ఆరే సమయమే ఉండదు.

పడిపోయిన మొలకలున్న గళ్లను పొట్టుతో సహా తీసేయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగతా గళ్లలో మొదళ్లు తడిసేలా పోయండి. ఇక నుంచి ట్రేను పళ్లెంలో నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీసేయండి, పొట్టు కింది నుంచి పీల్చుకుంటుంది. అది కూడా పొద్దునే. సాయంత్రం తడిపితే రాత్రంతా చెమ్మ ఉండిపోతుంది. పక్కన చిన్న ఫ్యాను తిప్పినా మంచిదే.

మళ్లీ గింజలు వేసేటప్పుడు కిలో విత్తనానికి 4 గ్రాముల లెక్కన ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రం పొడి పట్టించండి. మీ గింజలకైతే చిటికెడు చాలు. కాపర్ మందు పోసిన పొట్టులో ట్రైకోడెర్మా వేయకండి, అది శిలీంధ్రం కాబట్టి చచ్చిపోతుంది. కొబ్బరి పొట్టు ఇటుకను రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడిగారా? అందులో ఉప్పు ఉంటుంది, కడగకపోతే మొలక ఎదగదు. వీలుంటే జీడిమెట్లలో ఉద్యానశాఖ వాళ్ల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌ను ఒకసారి చూసి రండి, మీకు దగ్గరే. ప్రోట్రేల్లో నారు పెంచే పద్ధతి కళ్లారా చూస్తే చాలా అనుమానాలు తీరిపోతాయి.

వేపచెట్టు కింద | మార్చి 3, ఉదయం 11:20

బావి పక్క మట్టి గురించి చదివి మనసు కలుక్కుమంది తల్లీ. అయితే పాత సున్నం పెళ్లలకు అంత భయపడనక్కర్లేదేమో. మా నాన్నగారు పొలంలో సున్నం చల్లేవారు. నేలకు బలమని అనేవారు.

మొలక | మార్చి 3, మధ్యాహ్నం 12:10

అమ్మా, పులుపు నేలలకు సున్నం నిజంగా మందే. కానీ చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడి సహజంగానే క్షారం వైపు ఉంటుంది. దానికి మళ్లీ సున్నం, సిమెంటు కలిస్తే పీహెచ్ ఇంకా పెరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి.

గుంటల రైతు | మార్చి 3, రాత్రి 7:45

చెల్లెమ్మా, అత్తమ్మ మట్టి పోలేదు, అధైర్యపడవద్దు. పెళ్లలన్నీ ఏరించండి. సిమెంటు నీళ్లు ఎండి తెల్లగా కట్టిన చోట అరడుగు మట్టి తీయించి దారి గుంతల్లో పోయించండి. సీసం సంగతి ఇంజనీరు గారు చెప్పారు కదా, రంగు పొట్టు కనబడిన చోట ఇంకాస్త లోతుకు తీయించండి, ఆ మట్టిని మాత్రం గుంతల్లో పోయకుండా ఆ పొట్టుతో పాటే మూట కట్టి పంపండి. ఆ చోట ఆకుకూరలు, ముల్లంగి వేయవద్దు. మిగతా మట్టికి పరీక్ష చేయించండి. అయిదారు చోట్ల ఇంగ్లీషు వి ఆకారంలో జానెడు లోతు గుంత తీసి, పక్క గోడల మట్టి గీకి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలో ఆరబెట్టి మీ ఊరి రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారికి ఇవ్వండి.

ఈ ఏడు ఆ మడుల్లో ఏమీ పెట్టకుండా వానాకాలం మొదట్లో పచ్చిరొట్ట ఎరువుకు జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. తీగలు చేను అవతలి గట్టు దగ్గర పెట్టుకోండి.

వేపచెట్టు కింద | మార్చి 4, ఉదయం 10:00

సరే బాబూ, మట్టి విషయంలో మీ మాటే వింటాను. టమాటా విషయంలో మాత్రం నా అనుభవం వేరు. అల్వాల్‌లో మా ఇంటి వెనక వేపచెట్టు పడమర నీడలో నాలుగు టమాటా మొక్కలు మే నెలంతా కాశాయి. చిన్న కాయలే, చారుకు సరిపోయేవి. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. ఇంత ప్రేమగా పెంచిన నారును ఆ పిల్లతో పారేయించకండి.

గుంటల రైతు | మార్చి 4, రాత్రి 8:30

అమ్మా, నాలుగు మొక్కల లెక్క వేరు, నాలుగు గుంటల లెక్క వేరు. పెరట్లో నీడ చూసి పది మొక్కలు పెట్టుకుంటే నేను కాదనను. ట్రే అంతా పొలంలో నాటితే నీళ్లూ కూలీ దండగని నా బాధ. 50 శాతం నీడ వల కట్టి పదో పన్నెండో పెట్టండి చెల్లెమ్మా, మిగతాది ఎవరికైనా పంచేయండి.

పెంకుటింటి కోడలు | మార్చి 30, రాత్రి 9:15

చాలా రోజులకు రాస్తున్నాను. మార్చి 5న బీర, సొర, కాకర గింజలు అరవై కప్పుల్లో వేశాను. ఈసారి బాల్కనీలోనే, నీళ్లు పళ్లెంలో. యాభై రెండు మొలిచాయి. మిర్చి మిగిలిన సగం నిలబడింది. టమాటాలు పన్నెండు ఉంచుకుని మిగతావి మా అపార్ట్‌మెంట్‌లో పంచాను.

21న తీగ నారు తీసుకుని వెళ్లాం. డిక్కీలో అట్టపెట్టెల్లో కప్పులు బిగించి పెట్టి, మర్రిచెట్ల రోడ్డు మీద మా ఆయన చాలా మెల్లగా నడిపారు. కిటికీ దించితే గాలికి ఆకులు వడలిపోతాయని మేడమీద మడి గారు మెసేజ్ పెట్టారు, అద్దాలు ఎత్తే ఉంచాం. సాయంత్రం అయిదు దాటాక నాటడం మొదలుపెట్టి చీకటి పడేదాకా నాటాం.

అక్కడ అత్తమ్మ ఒక పని చేసింది. పైకప్పు నుంచి దింపిన గూన పెంకుల్లో విరిగినవి ఒక మూల గుట్టగా పోశారు. ఆమె ఒక్కో మొక్కకు పడమర పక్క ఒక్కో పెంకు ఏటవాలుగా గుచ్చింది. మధ్యాహ్నం ఎండ మొక్క మీద పడదు, గాలి మాత్రం ఆడుతుంది. వాళ్లమ్మ ఇలాగే చేసేదట. వారం తర్వాత చూస్తే యాభై రెండులో నలభై ఎనిమిది బతికి ఉన్నాయి.

నీళ్లే టెన్షన్. బోరు గంటన్నరే పోస్తోంది, ఇంటి క్యూరింగ్‌కూ అదే.

సిమెంటు ఇసుక | మార్చి 31, ఉదయం 7:30

పెంకుల సంగతి చదివి ఎంత సంతోషమేసిందో. క్యూరింగ్ నీళ్లు ఆదా చేసే దారి ఉంది. గోడలకు గోనెపట్టాలు వేలాడదీసి తడిపితే పైపుతో కొట్టే నీళ్లలో సగం కూడా పట్టవు. గచ్చు మీద ఇసుక గట్లు కట్టి నీళ్లు నిలబెట్టండి. గోడల నుంచి కారిన నీళ్లు మాత్రం మొక్కల వైపు పోకుండా చిన్న కాలువ తీయించండి.

గుంటల రైతు | మార్చి 31, రాత్రి 8:00

రెండు మొక్కల మధ్య ఒక్కో మట్టికుండ మెడ దాకా పాతండి. రంగు వేయని మామూలు కుండే కావాలి. నిండా నీళ్లు పోసి మూత పెడితే నీళ్లు మెల్లగా ఊరి వేరుకే అందుతాయి. మొదళ్ల చుట్టూ నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి పరవండి.

ఎండలు ముదిరితే తీగలకు మగపూలే ఎక్కువ వస్తాయి, కంగారు పడవద్దు. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. శని, ఆదివారాలు అక్కడే ఉంటారు కదా, పొద్దుగూకే వేళ మగపువ్వు తెంపి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు తాకించండి.

పెంకుటింటి కోడలు | మే 12, రాత్రి 10:10

పాలు పొంగించాం. సున్నం గోడలు సున్నం గోడలుగానే ఉన్నాయి. మేస్త్రీ మామ తండ్రి, ఆ పెద్దాయన, మూడు వారాలు మా దగ్గరే ఉండి పూత వేసి వెళ్లాడు. ఆ రోజు వంటలో మా గట్టు మీది బీరకాయ పచ్చడి, సొరకాయ పులుసు ఉన్నాయి. అత్తమ్మ మొదటి బీరకాయ తనే కోసింది.

టమాటా గుంటల రైతు అన్న చెప్పినట్టే అయింది. పన్నెండులో మూడింటికి ఆకుముడత వచ్చింది, పీకేశాను. మిగతా వాటికి ఏప్రిల్ మొదట్లో పట్టిన కాయలు కలిపి రెండు కిలోలు వచ్చాయి, తర్వాత పూతంతా రాలింది. వేపచెట్టు అమ్మ అన్నట్టు చారుకు సరిపోయాయి. మట్టి పరీక్షలో పీహెచ్ 8.4 వచ్చింది. జనుము విత్తనాలు తెచ్చి పెట్టుకున్నాను.

ఇప్పుడు వానాకాలం టమాటా, వంకాయ నారు ఎప్పుడు పోయాలి? ఇల్లు పూర్తయింది కాబట్టి తూర్పు వసారాలోనే ట్రేలు పెడదామనుకుంటున్నాను.

గుంటల రైతు | మే 13, ఉదయం 5:40

శుభం చెల్లెమ్మా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో లేత నారు ఆగదు. అయితే నీడ వల, దోమ దూరని 40 మెష్ వల రెండూ కట్టి మే 18, 20 మధ్య పోస్తే మృగశిర వచ్చి మంచి వాన పడ్డాక, జూన్ మూడో వారానికి టమాటా నారు సిద్ధంగా ఉంటుంది. వంకాయకు ఇంకో వారం పది రోజులు ఎక్కువ పడుతుంది, దాన్ని ముందు పోయండి. టమాటాలో అర్క రక్షక్ దొరికితే తీసుకోండి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లది. ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. అది హైబ్రిడ్, దాని గింజలు దాచి మళ్లీ వేయవద్దు. వంకాయలో మన భాగ్యమతి చాలు.

వేపచెట్టు కింద | మే 13, ఉదయం 9:30

తల్లీ, పెంకులు పారేయలేదు కదా? వంగ నారుకు మళ్లీ కావాలి.

పెంకుటింటి కోడలు | మే 13, ఉదయం 9:50

లేదమ్మా. అత్తమ్మ వాటిని కడిగి, వసారా మెట్ల కింద వరసగా పేర్చి పెట్టింది. నూట పది ఉన్నాయి.